కంప్యూటరు తెఱకు నకలు తీయుట



గడచిన సంవత్సరము శ్రావణమాసములో ఒకనాటి సాయంకాలము నేను అన్నవరములోని మా యింటి వసారాలో కూర్చుండి, ఒక కార్యాలయమునకు కట్టవలసిన రుసుమును కంప్యూటరు ద్వారా కట్టుచుంటిని. ఆ కార్యాలయము పేరు చెప్పుట యిచ్చట అనవసరము. సొమ్ము నా ఖాతానుండి పోయినది. తెఱమీద చెల్లింపు అందినదను మాటయు, దాని క్రింద ఒక పొడవైన సంఖ్యయు కనబడినవి. ఆ సంఖ్యను వ్రాసికొందమని కలము వెదకుచుండగా పంపానది వైపునుండి గాలివాన లేచి విద్యుత్తు పోయినది. మఱల దీపములు వెలిగి నేను కంప్యూటరును తెఱచునప్పటికి ఆ పుట లేదు. మఱునాడు కార్యాలయమునకు పోగా సొమ్ము తమ లెక్కలో పడలేదనిరి. అచ్చటి గుమాస్తా మంచివాడే. "అందినట్లు తెరమీద కనబడిందంటున్నారు గదా మాస్టారూ, దాని స్క్రీన్‌షాట్ ఏదండీ?" అని అడిగినాడు. ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పిన నాకు ఆ మాట అర్థము కాలేదు. కాలేదని చెప్పుటకు సిగ్గుపడి, ఇంటియొద్ద నున్నదంటిని. తుదకు బ్యాంకు పుస్తకములో పడిన పద్దు చూపి పని చక్కబెట్టుకొంటిని గాని, అందుకు ఇరువది దినములును ఐదు పర్యాయముల బస్సు ప్రయాణమును పట్టినవి. ఆ పిమ్మటనే నేను ఈ విద్య నేర్చుకొంటిని. నేర్చుకొన్నంతవఱకు మీకు చెప్పెదను.

నకలు అను మాట మనకు క్రొత్తది కాదు. 1984లో కరణీకములు రద్దగువఱకు, భూమి కొనువారును అమ్మువారును కరణముగారి యరుగుమీద కూర్చుండి అడంగలునకు నకలు వ్రాయించుకొనుట మీలో పలువు రెఱుగుదురు. మంచి నకలునకు రెండు లక్షణములు కావలెను. అసలులో ఉన్నది ఉన్నట్లు ఎక్కవలెను. దానిని ఎవరు, ఏనాడు, దేనినుండి ఎత్తి వ్రాసిరో తెలియవలెను. స్క్రీన్‌షాట్ అనగా కంప్యూటరు తెఱమీద ఒక క్షణమున కనబడుచున్నదానికి తీసిన నకలు. కొందఱు దీనిని తెలుగున తెఱపట్టు అనుచున్నారు. మాట బాగుగనే యున్నది. పైని చెప్పిన రెండు లక్షణములలో మొదటిదానిని యంత్రము ఏ కరణముకంటెను బాగుగ నెఱవేర్చును. చిక్కంతయు రెండవదానియందే కలదు.

ఇది సెల్‌ఫోను ఎత్తిపట్టి తెఱను ఫోటో తీయుటవంటిది కాదు. తెఱ యంతయు సన్నని చుక్కల అల్లిక. ఇప్పుడు ఎక్కువగ వాడుకలో నున్న తెఱలలో అడ్డముగ 1920, నిలువుగ 1080, వెరసి 20,73,600 చుక్కలుండును. ప్రతి చుక్కలోను ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులు కలవు. ఒక్కొక్క వెలుగు 256 మెట్లలో హెచ్చి తగ్గును. ఏ చుక్కకు ఏ వెలుగు ఎంత యను లెక్కను యంత్రము తన జ్ఞాపకములో ఉంచుకొనును. మన జిల్లాలోని ఉప్పాడలో జాందానీ నేయువారు పువ్వును ముందుగ గళ్ల కాగితముమీద వేసికొని, ఏ గడిలో ఏ రంగు పోగు పడవలెనో చూచుకొనుచు నేయుదురు గదా. ఫోటో తీయుట నేసిన చీరను దూరమునుండి చూచి బొమ్మ వేయుట వంటిది. స్క్రీన్‌షాట్ ఆ గళ్ల కాగితమునే మఱియొక కాగితముమీదికి గడి తప్పకుండ ఎక్కించుట. కాబట్టి ఇందులో దీపపు మెఱుపు పడదు, చేతి వణకు కనబడదు, అక్షరము చెదరదు.

ఇక తీయు విధము. మీటల పలకమీద, సాధారణముగ కుడివైపు పై వరుసలో, 'ప్రింట్ స్క్రీన్' అను మీట యుండును. చోటు చాలక పి, ఆర్, టి, ఎస్, సి అను ఐదు ఇంగ్లీషు అక్షరములు మాత్రమే వేసియుందురు. పెక్కు కంప్యూటర్లలో ఆ మీటను నొక్కినచో ఏమియు జరిగినట్లు కనబడదు. నేను మొదట పదిసార్లు నొక్కి, మీట చెడినదనుకొంటిని. చెడలేదు. నకలు తయారై క్లిప్‌బోర్డు అను చోట కూర్చుండియున్నది. ఈ క్లిప్‌బోర్డు మన చిన్ననాటి పలకవంటిది. రెండవది వ్రాసినచో మొదటిది చెరగును, కంప్యూటరు ఆర్పినచో రెండును పోవును. కాబట్టి పలకమీదిది చెరగకముందే కాగితమున కెక్కించవలెను. 'పెయింట్' అను బొమ్మల పనిముట్టును తెఱచి, 'కంట్రోల్' మీటను పట్టియుంచి 'వి' అక్షరము నొక్కినచో చిత్రము అందులోనికి దిగును. అప్పుడు దానికొక పేరు పెట్టి దాచుకొనవలెను.

ఈ శ్రమ లేని త్రోవయు కలదు. మీటల పలకమీద క్రింది వరుసలో నాలుగు గళ్ల కిటికీ బొమ్మ గల మీట యొకటి యుండును. దానిని పట్టియుంచి ప్రింట్ స్క్రీన్ నొక్కినచో తెఱ ఒక ఱెప్పపాటు మసకబారి, చిత్రము తనంతట తానే 'పిక్చర్స్' అను అరలో 'స్క్రీన్‌షాట్స్' అను సంచిలో పడును. ఇది 2012లో వచ్చిన ఎనిమిదవ విండోస్‌నుండి కలదు. మనవంటివారికి ఇదియే మేలైనదని నా యభిప్రాయము. తెఱమీద పెక్కు పుటలు తెఱచియుండి, పైనున్న ఒక్క పుటయే కావలసినచో 'ఆల్ట్' మీటతో కలిపి నొక్కవలెను. అది మాత్రము పలకమీదికే పోవును. ఒక మూల ముక్క మాత్రమే కావలసినచో కిటికీ మీట, 'షిఫ్ట్' మీట, 'ఎస్' అక్షరము మూడును కలిపి నొక్కి, మౌసుతో కావలసినంత మేర గీచుకొనవలెను. పదునొకండవ విండోస్‌లో 2023నుండి ప్రింట్ స్క్రీన్ ఒక్కటి నొక్కినను ఈ ముక్క కత్తిరించు పనిముట్టే తెఱచుకొనునట్లు అమర్చిరి. ఒడిలో పెట్టుకొను కంప్యూటర్లలో కొన్నింటియందు 'ఎఫ్ ఎన్' అను మీటను కూడ కలపవలసి యుండును. ఆపిల్ కంప్యూటరు గలవారు 'కమాండ్', 'షిఫ్ట్' మీటలతో 3 అంకెను నొక్కవలెను. సినిమాలు చూపు కొన్ని పుటలలో ఎంత నొక్కినను నల్లని గడియే వచ్చును. దొంగనకళ్లు తీయకుండ వారు చేసికొన్న కట్టుబాటది, మీ తప్పు కాదు.

అచ్చువేయు పని లేనప్పుడు ఆ మీటకు 'ప్రింట్' అను పేరెందుకని మీ రడుగవచ్చును. 1981లో ఐ.బి.ఎం. వారి పర్సనల్ కంప్యూటరు వెలువడినపుడు షిఫ్ట్ మీటతో దానిని నొక్కినచో తెఱమీది అక్షరములు నిజముగనే అచ్చుయంత్రములోనికి పోయి కాగితముమీద పడెడివి. తెఱమీద బొమ్మలు, కిటికీలు వచ్చిన తరువాత ఆ పని మాఱినది, పేరు మిగిలినది. పత్రమనగా ఆకు. తాటాకు పోయి కాగితము వచ్చినను మనము క్రయపత్రమనుట మానితిమా?

నేను ఈ విద్యను నేర్చిన మొదటి వారముననే నాకు దీని సుఖము తెలిసినది. మా అమ్మాయి అమెరికాలో నున్నది. నా కంప్యూటరు మొండికెత్తినప్పుడెల్ల దానికి ఫోను చేయుట నాకు వాడుక. "నాన్నగారూ, అక్కడ ఏమని వచ్చిందో ఆ మాటలు చదవండి" అనును. నేను ఒక్కొక్క అక్షరము పలుకుచుండగా పదునైదు నిమిషములు గడచును. అందులో నేను చదువవలసిన వరుసను విడిచి వేఱొక వరుసను చదువుచుంటినని తరువాత తెలియును. ఇప్పుడు తెఱకు నకలు తీసి పంపెదను. అది దానిమీదనే ఎఱ్ఱని గుండ్రము గీచి, ఇచ్చట నొక్కుమని త్రిప్పి పంపును. సముద్రములకు ఆవల నున్నది ప్రక్కన కూర్చుండి వ్రేలు పట్టి చూపినట్లుండును.

అయితే నకలు తీయుట వేఱు, పనికివచ్చు నకలు తీయుట వేఱు. పైని చెప్పిన కార్యాలయమునకే రెండవమాఱు రుసుము కట్టవలసివచ్చినపుడు, నేర్చిన విద్యను చూపవలెనని, సొమ్ము మొత్తమును అందినదను మాటయు ఉన్న ముక్కను మాత్రము చక్కగ కత్తిరించి, అచ్చువేయించి పట్టుకొనిపోతిని. ఆ గుమాస్తాయే దానిని చూచి నవ్వి, "ఇది ఏ రోజుదండీ? ఎవరి పేరునండీ?" అన్నాడు. నిజమే. అందులో తేదీ లేదు, సంఖ్య లేదు, నా పేరు లేదు, ఏ పుటనుండి వచ్చినదో లేదు. కరణముగారు సర్వే నంబరు వేయకుండ ఇచ్చిన నకలువలె నుండెను. అప్పటినుండి నేను ముక్క కోయుట మానితిని. తెఱ మొత్తమును తీయుదును. ఏలయనగా పుటకు పైభాగమున దాని చిరునామా యుండును. అడుగున కుడిమూల తేదీయు గంటయు ఉండును. ఈ రెండును, నడుమ చెల్లింపు సంఖ్యయు, కట్టినవాని పేరును ఒకే చిత్రములో పడవలెను. పుట పొడవై తెఱలో పట్టనిచో, ముందు చిత్రములోని చివరి రెండు వరుసలు తరువాతి చిత్రములో మొదట వచ్చునట్లు రెండు మూడు చిత్రములుగ తీయవలెను. అప్పుడు నడుమ ఏమియు విడువలేదని చూచువానికి తెలియును.

భూమి గలవారికి ఇది మఱింత అక్కఱ. 2015నుండి 'మీభూమి' అను ప్రభుత్వపు పుటలో సర్వే నంబరునుబట్టి అడంగలును 1-బి యును ఇంటినుండియే చూచుకొన వీలు కలిగినది. మా ప్రక్కయింటి బావగారు శంఖవరము త్రోవలో కొంత పొలము గలవారు. ఆయన ఏటేట తొలకరికి ముందొకసారి, సంక్రాంతి వెళ్లిన తరువాత నొకసారి మా యింటికి వచ్చి, "ఏమండీ బావగారూ, మన కాగితం ఒక్కసారి చూద్దురూ" అందురు. నేను పుట తెఱచి, పేరు, విస్తీర్ణము, ఖాతా సంఖ్య కనబడునట్లు తెఱ మొత్తమునకు నకలు తీసి ఆయన పేరిట సంచిలో వేయుదును. తెఱమీది పుట చెఱువునీటివంటిది. నిన్న చూచిన నీరే నేడున్నదని చెప్పలేము. కాగితపు లెక్కలో కొట్టివేత యున్నచో సిరా కనబడును, తెఱమీద మాఱినచో మాఱిన సంగతియే కంటి కానదు. ఏనాడైన తేడా కనబడినచో, ఫలానినాటివఱకు ఇట్లుండెనని చెప్పుటకు మనయొద్ద ఏదియో యొకటి యుండవలెను గదా. ఐనను ఆ చిత్రము పట్టుకొని భూమి అమ్మబోయినచో ఎవరును ఒప్పరు. అది మన జ్ఞాపకమునకు సహాయము మాత్రమే. అధికారి ధ్రువపఱచిన నకలును రుసుము కట్టి మీసేవవంటి కేంద్రమున తీసికొనవలెను.

ఇంతవఱకు దీని గుణములు చెప్పితిని. దోషము చెప్పకున్నచో మీకు అపకారము చేసినవాడ నగుదును.

కార్తికమాసములో రత్నగిరికి వ్రతమునకు వచ్చు జనమును మీరెఱుగుదురు. అట్టి రద్దీలో కొండదిగువ దుకాణమునకు ఒక పడుచువాడు వచ్చి సరకులు తీసికొని, సొమ్ము ఫోనులో పంపితినని చెప్పి, పంపినట్లున్న చిత్రమును చూపి పోయినాడు. దుకాణదారుడు రాత్రి లెక్క చూచుకొనగా ఆ సొమ్ము రాలేదు. చిత్రములో దుకాణము పేరున్నది, మొత్తమున్నది, పచ్చని గుర్తున్నది, సొమ్ము లేదు. తెఱమీది పుటలో అంకెలు మార్చి నకలు తీయుటకు చిత్రకారుడు కానక్కఱలేదు. కొంచెము తెలిసిన కుఱ్ఱవాడు నిమిషములో చేయగలడు. పాతకాగితములో అక్షరము గీకినచో గీకినచోటు పలుచబడి వెలుతురుకు పట్టుకొన్న తెలియును. ఇందులో గీకిన జాడ యుండదు. 2016లో యు.పి.ఐ. చెల్లింపులు వచ్చినప్పటినుండి ఈ మోసము చిన్న వ్యాపారులను పీడించుచున్నది. కాబట్టి ఎదుటివాడు చూపిన చిత్రమును చూచి సరకు ఈయరాదు. మన ఖాతాలో పడినట్లు మన ఫోనులో వచ్చిన కబురును చూడవలెను, లేదా సొమ్ము పడగానే పలుకు పెట్టె మాట వినవలెను. పోలీసులమనియు బ్యాంకువారమనియు చెప్పి, ముద్రలతో కూడిన ఉత్తరువు చిత్రములను పంపి బెదరించువారి చిత్రములును ఇట్టివే.

ఒకవేళ మోసము జరిగినచో మన చేతి స్క్రీన్‌షాట్ అప్పుడు పనికివచ్చును. మోసగాని కబుర్లు, వాని ఫోను సంఖ్య, సొమ్ము పోయిన చెల్లింపు సంఖ్య, గంటతో సహా నకలు తీసి, ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. సైబరు నేరములకై దేశమంతటికిని ఏర్పఱచిన సంఖ్య యది. భయపడియు, ఇంటిలోనివా రేమందురో అని సిగ్గుపడియు ఆ కబుర్లను చెఱిపివేయువా రున్నారు. నేను గుమాస్తాయొద్ద ఇంటియొద్ద నున్నదని బొంకినది అట్టి సిగ్గుచేతనే గదా. చెఱుపవద్దు.

న్యాయస్థానమువారు ఈ చిత్రములను నమ్ముదురా యని మా బావగారు అడిగినారు. ఊరక నమ్మరు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టముతో పాత సాక్ష్య చట్టములో 65-బి అను సెక్షను చేరినది. కంప్యూటరునుండి తీసినదానికి, అది ఏ యంత్రమునుండి ఎట్లు తీయబడెనో తెలుపు ధ్రువపత్రము జతపఱుపవలెనని దాని సారము. 2020 జూలైలో సుప్రీంకోర్టు అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో ఆ పత్రము తప్పనిసరియనియు, యజమాని అసలు యంత్రమునే తెచ్చి సాక్ష్యమిచ్చినచో అక్కఱలేదనియు తేల్చినది. 2024 జూలై 1వ తేదీనుండి పాత చట్టము పోయి భారతీయ సాక్ష్య అధినియమము అమలునకు వచ్చినది. అందు 63వ సెక్షను ఈ సంగతి చెప్పును. ఇప్పుడు ధ్రువపత్రమునకు రెండు భాగములు. ఒకటి దాఖలు చేయు కక్షిదారుడు వ్రాయవలెను, రెండవది నిపుణుడు వ్రాయవలెను. రెండింటను 'హాష్' అను సంఖ్య నొకదానిని చూపవలెను. దాఖలు చేయు చిత్రములోని లెక్క యంతటిని ఒక గణితములో వేసి పిండగా వచ్చు సంఖ్య యది. ఇరువది లక్షల చుక్కలలో ఒక్క చుక్క రంగు మాఱినను సంఖ్య పూర్తిగ మాఱిపోవును. నకలునకు కావలసిన రెండవ లక్షణము, అనగా ముద్ర, యంత్రములో లేదు గనుక చట్టము దానిని ఈ విధముగ వెలుపలనుండి తగిలించినది.

దీనినుండి మనకు తెలియవలసిన సంగతి యొకటి కలదు. చిత్రమును వాట్సాప్‌లో ఫోటోగా పంపినచో అది దారిలో పలుచబడి చిన్నదగును. చూచుటకు అదియే, లెక్కకు వేఱు. కాబట్టి పంపిన ప్రతిని నమ్ముకొని కంప్యూటరులోని మొదటి ప్రతిని తీసివేయరాదు. పంపవలసినచో 'డాక్యుమెంటు'గ పంపిన ఉన్నది ఉన్నట్లు పోవును.

రహస్యముల సంగతి కూడ చెప్పవలెను. తెఱ మొత్తమును తీయుమని నేనే చెప్పితిని. ఆ తెఱమీద మన ఆధారు సంఖ్యయో, బ్యాంకు ఖాతా సంఖ్యయో, అప్పుడే వచ్చిన ఓ.టి.పి. యో ఉండవచ్చును. మనయొద్ద దాచుకొను ప్రతిలో ఖాతా సంఖ్య ఉన్నను సరే, పరులకు పంపు ప్రతిలో మూయవలెను. మూయుటకు గట్టి నల్లని గడినే వాడవలెను. ఫోనులలో రంగు పూయు కుంచె యున్నది. దానితో పూసిన తరువాత వెలుతురు హెచ్చించి చూచినచో క్రింది అంకెలు కనబడుట నేను స్వయముగ చూచితిని. కత్తిరించుట కూడ ఒక్కొక్కప్పుడు నమ్మదగినది కాదు. 2023లో విండోస్ వారి కత్తిరింపు పనిముట్టునందును, గూగుల్ వారి పిక్సెల్ ఫోనులయందును, కోసివేసితిమనుకొన్న భాగము చిత్రములోపల దాగి మిగిలిపోవుచున్నట్లు పరిశోధకులు కనుగొనిరి. ఆ సంవత్సరముననే వారు దానిని సరిచేసిరి. సరిచేయుటకు ముందు కోసి పంపిన చిత్రములు మాత్రము ఎవరెవరి చేతులలోనో ఉండిపోయినవి. ఓ.టి.పి. ఉన్న తెఱను ఎంతటి ఆప్తు డడిగినను పంపకుడు.

కడపట, దాచుట. యంత్రము తాను పెట్టు పేర్లు స్క్రీన్‌షాట్ ఒకటి, రెండు, మూడు అని యుండును. ఆరు మాసములు గడచిన తరువాత ఏది యేమో బ్రహ్మకైన తెలియదు. నేను తీసిన దినముననే పేరు మార్చుదును. ముందు సంవత్సరము, నెల, తేదీ, పిమ్మట పని పేరు. అట్లు పెట్టినచో అవి తమంతట తామే వరుసలో నిలుచును. సంవత్సరమున కొకసారి సంచినంతను పెన్‌డ్రైవులోనికి ఎక్కించి బీరువాలో క్రయపత్రముల ప్రక్కన ఉంచుదును. మా బావగారు మొన్న సంక్రాంతి తరువాత వచ్చినపుడు నన్ను లేవదీసి కుర్చీలో తామే కూర్చుండి, కిటికీ మీటను ఎడమచేతి బొటనవ్రేలితో అదిమిపట్టి, కుడిచేతితో ప్రింట్ స్క్రీన్ నొక్కినారు. తెఱ మసకబారగానే ఉలికిపడి రెండు చేతులును తీసివేసినారు. సంచి తెఱచి చూడగా 1-బి చక్కగ పడియున్నది. అడుగున తేదీయు గంటయు ఉన్నవి. పేరు కూడ తామే కొట్టెదనని పట్టుబట్టి, అక్షర మక్షరము వెదకికొనుచు పావుగంటలో ముగించినారు.